బిషప్ తప్పన్న మాటే ఫ్రెంచివాళ్ల దుఃఖమైంది

ఐదో శతాబ్దం తొలినాళ్లలో, ఉత్తర ఆఫ్రికా తీరాన హిప్పో అనే రేవు పట్టణంలో, అక్కడి బిషప్ అగస్టీన్ యోహాను సువార్త మీద వరుస ప్రసంగాలు చేస్తున్నాడు. ఇప్పుడు ఆ ఊరు అల్జీరియాలో ఉంది, పేరు అన్నాబా. నతనయేలు అనే అతను తన వైపు రావడం చూసి ‘ఇతనిలో కపటం లేదు’ అని యేసు అన్న ఘట్టం ఆ రోజు పాఠం. లాటిన్ పాఠంలో కపటానికి ఉన్న మాట ‘దోలుస్’. అగస్టీన్ అక్కడ వేదాంతం ఆపి కాసేపు వ్యాకరణం చెప్పాడు. లాటిన్ అంత బాగా రాని మన సోదరులు చాలామంది ‘వాణ్ణి దోలుస్ పీడిస్తోంది’ అంటుంటారు, అది తప్పు, అక్కడ ‘దోలోర్’ అనాలి, దోలుస్ అంటే మోసం, దోలోర్ అంటే నొప్పి అని విడమరిచి చెప్పాడు.

పండితుడిగా ఆయన చెప్పింది సరైనదే. నొప్పిపడటం అనే అర్థంలో లాటిన్ క్రియ ‘దోలేరే’. దాని నుంచి వచ్చిన సలక్షణమైన నామవాచకం దోలోర్. రేవులోనూ సంతలోనూ తిరిగే జనం మాత్రం ఆ క్రియను తమకు తోచినట్టు కత్తిరించి ‘దోలుస్’ అనే కొత్త నామవాచకం చేసుకున్నారు. అదే రూపంలో, మోసమనే అర్థంతో ఇంకో మాట ముందునుంచీ ఉందన్న సంగతి వాళ్లు పట్టించుకోలేదు. పదహారు వందల ఏళ్ల తర్వాత ఫలితం చూస్తే గెలిచింది వాళ్లే. చావు వల్ల కలిగే దుఃఖానికి, ఆ తర్వాత పాటించే సంతాపానికి ఫ్రెంచివాళ్లు నేటికీ వాడే మాట ఆ తప్పు దోలుస్ కడుపున పుట్టిందే. రాయడం డి, ఇ, యు, ఐ, ఎల్ అని రాస్తారు. పలకడం మాత్రం పెదాలు గుండ్రంగా చుట్టి ‘దొయ్’ అన్నట్టు పలుకుతారు. తెలుగు లిపిలో అంతకంటే దగ్గరగా రాయడం నా వల్ల కాలేదు.

అగస్టీన్‌ను వట్టి చాదస్తుడిగా కొట్టెయ్యకూడదు. జనానికి అర్థం కాకపోవడం కంటే వ్యాకరణ పండితులు మనల్ని తిట్టడమే మేలని మరో ప్రసంగంలో చెప్పింది కూడా ఆయనే. ఈ మాట విషయంలో ఆయనకు పట్టుదల ఎందుకంటే బైబిల్‌లో ‘కపటం లేనివాడు’ అన్నచోట సభలో సగం మంది ‘నొప్పి లేనివాడు’ అని వినే ప్రమాదం ఉంది. ఆ దిద్దుబాటు వల్ల మనకు మాత్రం పెద్ద లాభమే జరిగింది. వీధుల్లో జనం ఏమనేవారో ఎవరూ రాసిపెట్టని కాలం అది. తప్పు పట్టే పండితుడే దానికి మొదటి సాక్షి అయ్యాడు. భాషల చరిత్రలో ఇది కొత్త కాదు. ‘గ్రామ్యం’ అని ఈసడించిన మన వ్యాకర్తల పుణ్యమా అని బతికి బయటపడ్డ తెలుగు మాటలూ ఉన్నాయి.

అసలు విచిత్రం ఇంకోటి ఉంది. రోమన్లకు సంతాపానికి దర్జా అయిన మాట వేరే ఉండేది, ‘లుక్తుస్’. భర్త పోయిన స్త్రీ ఎన్నాళ్లు సంతాపం పాటించాలో చెప్పే రోమన్ న్యాయశాస్త్రం ఆ కుటుంబపు మాటలే వాడింది. ఇటలీవాళ్లు దాన్ని ‘లుత్తో’గా, స్పెయిన్, పోర్చుగల్ వాళ్లు ‘లుతో’గా ఉంచుకున్నారు. అంటే ఆచారానికి ఉన్న పాత మాటే ఆచారానికి మిగిలింది. ఫ్రాన్స్‌లో ఆ మాట జనం నోట నిలవలేదు. పుస్తకాల దారిన మళ్లీ వచ్చిన ‘లుగ్యూబ్ర్’ అనే విశేషణం ఒకటి ఉంది, శ్మశానంలా దిగులుగా ఉన్నదానికి దాన్ని వాడతారు, అంతే. ఫ్రెంచివాళ్లు ఆచారపు మాటను వదిలి, ఒంటి నొప్పికి జనం కల్పించుకున్న మాటను పట్టుకున్నారు. తర్వాతి శతాబ్దాల్లో దాన్నే ఆచారంగా మార్చారు. ఈ మాట చరిత్రలో నన్ను పట్టి లాగింది అదే. నొప్పి చెప్పుకోవడానికి మామూలు మనుషులు ఒక మాట పుట్టిస్తారు. కొన్నాళ్లకు రాజు, లాయరు, డాక్టరు ఒకరి తర్వాత ఒకరు వచ్చి దాన్ని నియమంగా బిగిస్తారు. అప్పుడు నొప్పిపడేవాడు ఇంకో మాట వెతుక్కోవాల్సి వస్తుంది.

దోలుస్ ‘దొయ్’ ఎలా అయిందో త్వరగా చెప్పి ముందుకు పోతాను. లాటిన్‌లో ఊనిక ఉన్న హ్రస్వ ‘ఒ’ ఫ్రెంచిలోకి వస్తూ మొదట రెండు అచ్చులుగా చీలి, ఆనక గుండ్రటి ‘ఎ’ లాంటి ధ్వనిగా కుదురుకుంది. గుండె, ఎద్దు, తొమ్మిది అనే అర్థాల లాటిన్ మాటలకూ ఫ్రెంచిలో అదే గతి పట్టింది. పాత ఫ్రెంచిలో ఈ మాట ‘దొఎల్’, ‘దుఎల్’ అనే రూపాల్లో కనిపిస్తుంది. చివర ‘య్’ చేరడం ఇంకా సరదా అయిన కథ. కన్ను అనే మాటకు ఏకవచనంలో చివర ‘య్’ ధ్వని ఉండేది, బహువచనంలో ఉండేది కాదు. దుఃఖానికీ కంటికీ బహువచనాలు ఒకేలా వినిపించేసరికి, ఏకవచనాలూ ఒకేలా ఉండాలనుకుని జనం దుఃఖానికీ కంటి తోకే తగిలించారు. కంటికీ కన్నీటికీ ఇంత దగ్గర చుట్టరికం ఏ కవీ కల్పించలేదు, పొరపాటున కుదిరింది. మోసమనే పాత దోలుస్ కూడా చావలేదు. ఒప్పందంలో ఒకరిని వంచించి సంతకం పెట్టించుకోవడాన్ని ఫ్రెంచి పౌరస్మృతి ఇప్పటికీ ‘దోల్’ అనే అంటుంది. అగస్టీన్ విడదీయాలనుకున్న రెండు మాటలూ చివరికి విడిపోయాయి, ఆయన చెప్పిన పద్ధతిలో మాత్రం కాదు.

దోలేరే అనే క్రియ ఇంకెంత వెనక్కి పోతుంది? చెక్కడం, నరకడం అనే అర్థమున్న లాటిన్ క్రియతోనూ, పగలడం, చీలడం అనే అర్థమున్న సంస్కృత ధాతువు ‘దల్’తోనూ చాలామంది భాషాశాస్త్రజ్ఞులు దాన్ని కలుపుతారు. మన బిల్వదళం, విదళనం, దళితుడు అన్నీ ఆ ధాతువు నుంచే వచ్చాయి. చీల్చిన పప్పుకు హిందీలో దాల్ అనే పేరూ అంతే. ఈ లెక్కన నొప్పిపడటం అంటే మొదట ‘చీలిపోవడం’. ‘గుండె పగిలేలా ఏడ్చింది’ అనే భాషలో పెరిగినవాళ్లకు దీన్ని విప్పి చెప్పక్కర్లేదు. సంస్కృతంలో దుఃఖపు మాటలు ఇంకో దారి పట్టాయి, అగ్ని దారి. శోకం అంటే వేదభాషలో మంట, జ్వాల. సంతాపం అంటే బాగా కాగడం. తెలుగువాడు వాటిని అరువు తెచ్చుకున్నాక ఆ వేడి ఎవరికీ తగలడం లేదు. ‘ముఖ్యమంత్రి సంతాపం ప్రకటించారు’ అనే వార్తలో కాలేది ఏమీ ఉండదు, ఒక కాగితం టైపు అవుతుంది. ఫ్రెంచివాళ్ల మాటకు జరిగిందీ ఇదే, కాస్త ఎక్కువ ఆర్భాటంగా జరిగింది.

దోలేరే పిల్లల్లో మనకు తెలిసినవాళ్లు ఇంకొందరున్నారు. విప్లవానికి ముందు 1789లో ఫ్రాన్స్ ఊరూరా జనం తమ కష్టాలు రాసి పంపిన పుస్తకాలను ‘దోలేయాన్స్’ పుస్తకాలన్నారు. కలిసి నొప్పిపడటం ‘కొందోలేయాన్స్’ అయింది, మన వార్తాపత్రికల్లో ‘ప్రగాఢ సానుభూతి’ చేసే పనే అక్కడ అది చేస్తుంది. నొప్పి తెలియనిది ‘ఇండొలెంట్’, నెమ్మదిగా పెరిగే కణితిని డాక్టర్లు ఇప్పటికీ అలాగే అంటారు. స్పెయిన్‌లో ఆడపిల్లలకు పెట్టే డొలోరెస్ పేరు వ్యాకులమాత, అంటే దుఃఖించే మేరీమాత పేరే. ఇంత పెద్ద కుటుంబంలో చావుకు అన్నిటికంటే గట్టిగా కట్టుబడింది ‘దొయ్’.

మొదట్లో అదీ అలా కట్టుబడి లేదు. 1100 ప్రాంతపు పాత ఫ్రెంచి వీరగాథలో మేనల్లుడు రోలాఁ యుద్ధంలో చచ్చిపడి ఉంటే చక్రవర్తి షార్లమేన్ తన తెల్లగడ్డం రెండు చేతులా పీక్కుంటాడు, వేలమంది యోధులు బావురుమంటారు, మూర్ఛపోతారు. అక్కడి ‘దొఎల్’ పూర్తిగా ఒంటికి సంబంధించింది. ఎవరూ దాన్ని దాచుకోరు, మగవాడు ఏడవకూడదనే మాట ఆ ప్రపంచానికి తెలియదు. ఆ రోజుల్లో దెబ్బ తగిలినా, పరువు పోయినా, ప్రియురాలు కాదన్నా కూడా అదే మాట. మధ్యయుగం చివరికి వచ్చేసరికి అది చావు వైపు జరిగింది. చావులోనూ మనసు నుంచి ఒంటి మీది బట్ట వైపు జరిగింది.

ఈ జరగడం ఎక్కడ కనిపిస్తుందంటే క్రియలో. దుఃఖాన్ని ‘పడటం’ పోయి ‘తొడుక్కోవడం’ వచ్చింది. ఫ్రెంచిలో ‘దొయ్’ను ధరిస్తారు. అప్పటిదాకా రంగు కూడా స్థిరపడలేదు. రాజు సంతాపంలో ఊదారంగు వేసుకునేవాడు. భర్త పోయిన రాణి తెల్లబట్ట కట్టేది, అందుకే విధవ రాణిని ‘తెల్ల రాణి’ అనేవారు. 1498లో ఎనిమిదో షార్ల్ చనిపోతే బ్రిటనీకి చెందిన ఆన్ రాణి నల్లబట్ట కట్టి ఆ ఆనవాయితీని పక్కకు నెట్టింది. అరవై ఏళ్ల తర్వాత కూడా రెండు రంగులూ పక్కపక్కనే ఉన్నాయి. 1559లో రెండో ఆన్రీ పోయాక కాథరీన్ ద మెదీచీ బతికినన్నాళ్లూ నలుపులోనే ఉంది. ఆమె కోడలు మేరీ స్టువర్ట్ ఏడాదిన్నర తిరక్కముందే మామగారిని, తల్లిని, భర్తను పోగొట్టుకుని, నలభై రోజులు చీకటిగదిలో ఉండి, తెలుపే కట్టింది. ఫ్రాన్స్వా క్లూయే గీసిన ఆమె బొమ్మ ఆ తెల్ల ముసుగులోదే. తెలుపు విధవ రంగు అనేది మన దేశపు సొంత ముద్ర అనుకునేవాళ్లు ఆ బొమ్మ ఒకసారి చూడాలి.

ఆ పాత తెలుపు 20వ శతాబ్దంలో ఒకసారి పనికొచ్చింది కూడా. 1938 జూన్‌లో బ్రిటన్ రాజదంపతులు పారిస్ పర్యటనకు సిద్ధమవుతుండగా రాణి తల్లి చనిపోయింది. నల్లబట్టలతో పారిస్‌లో విందులకు వెళితే బాగుండదు, రంగులు వేస్తే మర్యాద కాదు. దర్జీ నార్మన్ హార్ట్‌నెల్ తెలుపు కూడా సంతాపపు రంగేనని గుర్తుచేసి బట్టలన్నీ తెల్లవి కుట్టించాడు. పారిస్ మురిసిపోయింది. సంతాపం ఫ్యాషన్ అయిపోయిందని నవ్వుకోవచ్చు గానీ, నాలుగు శతాబ్దాలుగా దాని బతుకు బట్టల కొట్లోనే గడిచింది మరి.

లెక్కలూ అలాగే వచ్చాయి. పాత ఫ్రాన్స్ మర్యాదల్లో భర్త పోయిన స్త్రీ ఏడాదీ ఆరు వారాలు సంతాపంలో ఉండాలి. భార్య పోయిన మగవాడికి ఆరు నెలలు చాలు. రాజకుటుంబంలో ఎక్కడ ఎవరు పోయినా ఆస్థానం మొత్తం నల్లబడేది. పొరుగు దేశాల రాజులు పోయినా అంతే. దాంతో రంగుల పట్టు అమ్మేవాళ్ల వ్యాపారం పడిపోయేది. 1716లో రాజశాసనమే ఈ గడువులను సగానికి కోసేసింది. దుఃఖం సగం కావడానికి ఒక సంతకం సరిపోయింది. ఇది చదివి మనం మరీ ఆశ్చర్యపోనక్కర్లేదు. మైల బ్రాహ్మణుడికి 10 రోజులు, క్షత్రియుడికి 12, వైశ్యుడికి 15, శూద్రుడికి నెల అని మనుస్మృతి కట్టిన లెక్క మన దగ్గర ఉంది. అక్కడ అంతస్తు, లింగం, ఇక్కడ కులం. తేడా ఏమిటంటే మన మాట ‘మైల’లో దుఃఖమనే అర్థమే లేదు, అంటు మాత్రమే ఉంది. ఏడ్చేవాడి గురించి ఆ మాటకు పట్టదు, ఇంట్లోకి ఎవరు రావచ్చో ఎవరు రాకూడదో చెబుతుంది. ఏడ్చేవాడి కోసం తెలుగులో ఉన్న ఆచారం ‘పరామర్శ’. వెళ్లి పక్కన కూర్చోవడం. దీనికి సాటి మాట నాకు ఫ్రెంచిలో కనబడలేదు.

1804 నాటి నెపోలియన్ పౌరస్మృతి తెరిస్తే ఈ మాట ఎంతదూరం వచ్చిందో తెలుస్తుంది. అందులో 1481వ అధికరణం ‘భార్య దొయ్ ఖర్చు చనిపోయిన భర్త వారసులు భరించాలి’ అంటుంది. దాని విలువ భర్త ఆస్తిని బట్టి నిర్ణయించాలట. ఇక్కడ ‘దొయ్’ అంటే నల్లబట్టలు, వాటికి అయ్యే డబ్బు. అగస్టీన్ ఊళ్లో ఎవరినో లోపల పీడించిన దోలుస్ పద్నాలుగు వందల ఏళ్లలో వారసులు చెల్లించాల్సిన బిల్లుగా మారింది. ఆ నిబంధనను వెక్కిరించడం తేలిక. కానీ దాని పుణ్యాన విధవరాలికి మామగారి ఇంటి నుంచి హక్కుగా కొంత డబ్బు వచ్చేది. మనసులోని దుఃఖాన్ని ఏ కోర్టూ వసూలు చేసి పెట్టలేదు, బట్టల ఖర్చును పెట్టగలదు. మాట గట్టిపడటం వల్ల ఇలాంటి లాభమూ ఉంటుంది. ఆచారమంటేనే బూటకమనేవాళ్లతో నేను పూర్తిగా ఏకీభవించలేనిది ఇక్కడే.

బూటకమని ముందే అన్నవాడు ఫ్రెంచి విప్లవ నాయకుడు మిరాబో. అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ చనిపోయాడన్న వార్త తెచ్చి 1790 జూన్ 11న ఆయన ఫ్రెంచి జాతీయ సభలో ప్రసంగించాడు. ఇన్నాళ్లూ ఆస్థానాల మర్యాద కపట సంతాపాలు చాటింది, జాతులు తమకు మేలు చేసినవారి కోసమే ‘దొయ్’ ధరించాలి అన్నాడు. సభ మూడు రోజుల సంతాపానికి ఒప్పుకుంది. రాజరక్తం లేని, పరాయి దేశపు మాజీ ముద్రాపకుడి కోసం ఒక దేశ ప్రతినిధులు నలుపు కట్టడం ఆనాటికి మామూలు సంగతి కాదు. నాయకులు పోయినప్పుడు జెండా సగానికి దించి ఇన్ని రోజులు అని మన ప్రభుత్వాలు ప్రకటించే సంతాప దినాలు కూడా ఈ కొత్త వరసలోవే.

మాట ఇంతగా అరిగిపోయాక వంటింట్లోకీ వచ్చింది. లియోఁ నగరంలో ‘అర సంతాపపు కోడి’ అనే ప్రసిద్ధమైన వంటకం ఉంది. తెల్లటి బ్రెస్ కోడి చర్మం కింద నల్లటి ట్రఫుల్ పుట్టగొడుగు ముక్కలు దూర్చి ఉడికిస్తారు. నలుపు తెలుపు కలిసి, పెద్ద సంతాపం ముగిశాక వేసుకునే బట్టల్లా కనిపిస్తుందని ఆ పేరు. మేర్ ఫిల్యూ అనే వంటావిడ దాన్ని పేరుకెక్కించింది. అవే రంగుల సీతాకోకచిలుక ఒకదాన్నీ ‘అర సంతాపం’ అనే పిలుస్తారు. గోళ్లలో మట్టి ఉంటే ‘గోళ్లు సంతాపంలో ఉన్నాయి’ అంటారు. ఇవన్నీ మృతులకు అవమానమని ఎవరూ అనుకోరు. ‘కొని తెచ్చుకున్న తద్దినం’ అనే మనమూ అనుకోం.

ఈ వరసలోదే, అన్నిటికంటే ముఖ్యమైన నుడికారం ఒకటి ఉంది. ఏదైనా పోయి, ఇక దొరకదని తెలిశాక, ‘దాని దొయ్ చేసేశాను’ అంటారు. 19వ శతాబ్దం నాటికే వాడుకలో ఉన్న మాట. పోయిన గొడుగు, రాని ఉద్యోగం, చేజారిన ఇల్లు దేనికైనా పనికొస్తుంది. తెలుగులో దీనికి సరిగ్గా అతికే మాటలు రెండున్నాయి, ‘ఆశలు వదులుకుని నీళ్లొదిలాడు’, ‘సిద్ధాంతాలకు తిలోదకాలిచ్చాడు’. రెండు భాషలూ విడివిడిగా, చావు తంతులోంచి ఒక ముక్క తీసుకుని చావుతో సంబంధం లేని నష్టాలకు వాడుకున్నాయి. ఇక్కడిదాకా ఒకటే దారి. ఫ్రెంచివాళ్లు ఆ తర్వాత వెనక్కి తిరిగారు. గొడుగు గురించి అనుకునే మాటను మళ్లీ మనిషి చావు మీదికి తెచ్చారు.

దీనికి మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ పరోక్షంగా కారణం. సంతాపానికీ విషాదరోగానికీ తేడా చెబుతూ ఆయన రాసిన వ్యాసం 1915 నాటిది, అచ్చయింది 1917లో, మొదటి ప్రపంచ యుద్ధంలో యూరప్ అంతా శవాలు మోస్తున్న కాలంలో. ఒక్క ఫ్రాన్స్‌లోనే ఆ యుద్ధం దాదాపు 6 లక్షల మందిని విధవలను చేసింది. అందరూ ఏడాది పైన నలుపు కట్టి ఇంట్లో కూర్చునే వీలు లేకపోయింది. ఫ్యాక్టరీలు, పొలాలు వాళ్ల మీదే నడుస్తున్నాయి. సంతాపం ఒంటి మీది నుంచి దిగి ఊరి మధ్య రాతి స్తంభం మీద పేర్ల వరసగా మారింది. సరిగ్గా అప్పుడే ఫ్రాయిడ్, సంతాపం అనేది మనసు లోపల సాగే ఒక పని అన్నాడు. పోయిన మనిషితో ముడిపడ్డ ఒక్కో జ్ఞాపకాన్నీ తడిమి, ఆ ముడి విప్పుకుంటూ పోవడం ఆ పని. జర్మన్ మాటకు ఫ్రెంచిలో ‘దొయ్’ను పెట్టేసరికి మూలంలో లేని ఒక మెరుపు చేరింది. ఈ పని ఇంత నొప్పిగా ఎందుకుంటుందని ఫ్రాయిడ్ అందులో అడుగుతాడు. ఫ్రెంచిలో నొప్పి, సంతాపం రెండూ ఒకే తల్లి బిడ్డలు కాబట్టి ఆ ప్రశ్న తనను తానే అడుగుతున్నట్టు వినిపిస్తుంది. 1938లో మనోవిశ్లేషకుడు దానియేల్ లాగాష్ ‘దొయ్ పని’ పేరు మీదే వ్యాసం రాశాడు. మాట బట్టల బీరువా వదిలి మళ్లీ లోపలికి వెళ్లింది.

వెళ్లడం బాగానే ఉంది. ‘పని’ అనే మాట పక్కన చేరడమే ముప్పు తెచ్చింది. పని అంటే మొదలు, ముగింపు, చెయ్యనివాడి సోమరితనం అన్నీ వచ్చేస్తాయి. 20వ శతాబ్దం చివరికి ఫ్రాన్స్‌లో విమాన ప్రమాదం జరిగినా, పిల్లవాడు తప్పిపోయి శవమై దొరికినా, టీవీలో ఎవరో ఒకరు ‘ఇప్పుడు కుటుంబం తన దొయ్ చెయ్యగలుగుతుంది’ అనడం పరిపాటైంది. మనోవైద్యురాలు కూబ్లర్-రాస్ 1969లో చెప్పిన అయిదు దశలు, మొదట చావు దగ్గరపడిన రోగుల గురించి చెప్పినవి, మెట్ల వరసలా దీనికి తోడయ్యాయి. ‘నువ్వింకా నీ దొయ్ చెయ్యలేదు’ అని ఒక తల్లితో అనడంలో ఓదార్పు కంటే మందలింపే ఎక్కువ. మన దగ్గర తిలోదకాల నుడికారం సిద్ధాంతాల దగ్గర, హామీల దగ్గర ఆగింది. బిడ్డ పోయిన తల్లి దగ్గరికి వెళ్లి ఆ అర్థంలో ఎవరూ ఆ మాట అనరు. ఈ ఒక్క విషయంలో తెలుగు తెలివిగా ఉందని నా అభిప్రాయం.

ఫ్రాయిడ్ తనే దీన్ని అలా నమ్మాడా అంటే, లేదు. 1920లో ఆయన కూతురు సోఫీ ఫ్లూ జ్వరంతో పోయింది. తొమ్మిదేళ్ల తర్వాత, ఆమె బతికి ఉంటే 36 ఏళ్లు నిండే రోజున, బిడ్డను పోగొట్టుకున్న మిత్రుడు బిన్స్‌వాంగర్‌కు ఉత్తరం రాశాడు. మొదటి తీవ్రత తగ్గుతుంది గానీ మనం ఊరట లేకుండానే ఉండిపోతాం, ఆ చోటును ఏదీ నింపదు, నిజానికి అలాగే ఉండాలి అని దాని సారాంశం. సిద్ధాంతం రాసిన చేతే అది. ఆ పని పూర్తి చేశారా అని టీవీలో అడిగేవాళ్లకు ఈ ఉత్తరం గుర్తుండదు.

మాట మీద తిరగబడ్డవాడు ఫ్రెంచి రచయిత, విమర్శకుడు రోలాఁ బార్త్. 1977 అక్టోబర్ 25న ఆయన తల్లి చనిపోయింది. మర్నాటి నుంచి చిన్న కాగితం ముక్కల మీద రాసుకుంటూ పోయాడు. నవంబర్ చివరి ముక్కల్లో ఒకచోట, ‘దొయ్’ అనొద్దు, అది మరీ మనోవిశ్లేషణ మాట, నేను దొయ్‌లో లేను, నాకు దిగులుగా ఉంది అనే అర్థంలో రాసుకున్నాడు. దిగులుకు ఆయన ఎంచుకున్నది ‘షాగ్రాఁ’ అనే మామూలు ఇంటి మాట. నొప్పికి పుట్టిన మాటలో నొప్పి మిగల్లేదని, జీవితమంతా మాటలతోనే గడిపినవాడు తేల్చి, ఇంకో మాట వెతుక్కున్నాడు. హిప్పోలో లాటిన్ సరిగా రాని సోదరులు చేసిందీ ఇదే పని. వాళ్లకు తెలియక జరిగింది, బార్త్ తెలిసి చేశాడు.

అయితే బార్త్ పక్షాన నిలబడి ‘దొయ్’ను తీసి అవతల పారేద్దామా? అక్కడ నేను ఆగుతాను. దిగులుకు సెలవు దొరకదు. సంతాపానికి దొరుకుతుంది. 2020 జనవరి 30న ఫ్రెంచి జాతీయ సభలో ఒక ప్రతిపాదన వచ్చింది, బిడ్డ పోయిన ఉద్యోగికి ఇచ్చే సెలవును 5 రోజుల నుంచి 12 రోజులకు పెంచాలని. అధికారపక్షం దాన్ని తోసిపుచ్చింది. దేశమంతా మండిపడింది, కాస్త మానవత్వం చూపమని అధ్యక్షుడు మక్రాఁ తన వాళ్లకే చెప్పాల్సి వచ్చింది. ఆ ఏడాది జూన్ 8న చట్టం వచ్చింది. పాతికేళ్లలోపు బిడ్డ పోతే 7 పనిదినాల సెలవు, దానికి తోడు మరో 8 రోజుల ‘దొయ్ సెలవు’. కార్మిక చట్టంలో ఆ పేరుతోనే ఉంది. 2023లో మొదటి భాగం 14 పనిదినాలకు పెరిగింది. వైద్యులకూ ఇలాంటి గీత ఒకటి కావాల్సి వచ్చింది. తగ్గని దుఃఖాన్ని ఎప్పుడు జబ్బుగా లెక్కపెట్టాలంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ 6 నెలలు దాటాక అంది, అమెరికా మనోవైద్యుల 2022 నాటి ప్రామాణిక గ్రంథం పెద్దవాళ్లకు 12 నెలలు అంది. ఏడాది లోపు పండగ చేసుకోవద్దన్న మన ఏటిసూతకం, సంవత్సరీకంతో ముగిసే ఆ గడువు, ఏ ప్రయోగశాలా లేకుండా ఇంచుమించు అక్కడికే వచ్చి ఆగింది.

గీత ఎక్కడ గీసినా అది ఎవరో ఒకరికి చాలదు. కానీ గీత లేకపోతే ఆఫీసు నుంచి మర్నాడే ఫోను వస్తుంది. ఫ్రాన్స్‌లో ఆ ‘దొయ్ సెలవు’ బిడ్డ పోతేనే. భర్త పోయినా, భార్య పోయినా, అమ్మానాన్నల్లో ఎవరు పోయినా చట్టం హామీ ఇచ్చే కనీస సెలవు 3 రోజులు. పాత కాలపు విధవరాలికి ఏడాదీ ఆరు వారాల నలుపు ఒక చెర. ఆమె మునిమనుమరాలు నచ్చిన రంగు కట్టుకుని నాలుగో రోజున ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చోవాలి. రెండింటి మధ్య ఎక్కడో ఉండాల్సిన గడువు కోసం బేరం పారిస్‌లో ఇంకా తెగలేదు.